మా ఇంట్లో బెమ్మాండం అనే మాట

కొందరు మొగోళ్లకు బీడీ అలవాటు, కొందరికి సారాయి అలవాటు. మా ఆయనకు ఆ రెండూ లేవు. ఆయనకు ఉండింది ఒకటే చెడ్డ అలవాటు, బెమ్మాండం అనే మాట. సదువుకున్నోళ్లు బ్రహ్మాండం అంటారంట. మా నోరు అంత తిరగదు. ఇది రాసేది నా కూతురు, ఆ మాటను దిద్దబోయింది. ఆయన ఎట్ల అన్యాడో అట్లే రాయి, నువ్వు దిద్దితే అది ఆయన మాట కాదు అని చెప్పినా.

నేను నల్లగా, పొట్టిగా ఉంటా. ముందు పండ్లు రెండు ఎత్తు. పెండ్లిచూపుల దినం మా నాయన నన్ను చాప మీద కూర్చోబెట్టి, "ఇదో, ఈ పిల్లేనప్పా" అన్యాడు, సంతలో పొట్టేలును చూపించినట్ల. పెండ్లికొడుకు తలెత్తి నన్ను చూసి, కప్పు మీద కాకులు లేచిపోయేంత గట్టిగా "బెమ్మాండం!" అన్యాడు. వాళ్లమ్మ ఆయన తొడ గిల్లింది, చూసీ చూడంగానే ఇంత బిన్నా ఒప్పుకుంటే మర్యాదేముంటాది అని. మా అవ్వ కొంగు నోట్లో కుక్కుకోని నవ్వింది. నేను పిచ్చిదాన్ని, నిజమే అనుకున్యా. మూడు నెలలు ఎవరూ లేనప్పుడు అద్దంలో చూసుకుంటాంటి. నాలుగో నెలలో మా మామ ఒక ముసలి ఎనుమును కొనుక్కొచ్చినాడు. ఒక కొమ్ము విరిగిపోయింది, తోక మీద వెంట్రుకలు లేవు. మా ఆయన దాని చుట్టూ ఒక సుత్తు తిరిగి, "బెమ్మాండం!" అన్యాడు. అదే గొంతు, అదే మాట. ఆ పొద్దు అద్దాన్ని గోడ పక్కకు తిప్పి పెట్టినా.

సంగటి మాడితే బెమ్మాండం. మాడకపోతే కూడా బెమ్మాండమే. పాము కరిచిన చుట్టాన్ని చూడను పోయి, కట్టు బెమ్మాండంగా కట్టినారని ఆ ఇంట్లో చెప్పినాడు. ఆ ఇంటోళ్లు ఏడాది మాతో మాట్లాడలే.

మా పక్క ఇట్ల మాట్లాడరు. చేను బాగ పండినాదనుకో, దావలో ఎవరన్నా "ఎట్లుండాది చేను?" అంటే, "ఏదో, ఉండాది" అంటాం. దిష్టి తగుల్తాదని కొంత, చేబదులు అడుగుతారని కొంత. కూతురికి మంచి సంబంధం కుదిరినా "ఏదోలే" అంటాం. అదే చెనిక్కాయ చేను ఎండిపోనీ, ఊరంతా వినేట్ల చెప్తాం. మంచికి చిన్న మాట, చెడ్డకు పెద్ద మాట, అది మా కొలత. మా ఆయన ఒక్కడే ఈ కొలతను తిరగేసి పట్టుకున్యాడు.

ఒకసారి ఊర్లో బడి ఐవోరిని అడిగినా, ఆ మాటకు అర్థమేంది సామీ అని. ఆయన అద్దాలు తుడుచుకోని చెప్పినాడు. "అమ్మా, భూమి, ఆకాశం, సూర్యుడు, చంద్రుడు, చుక్కలు, అన్నీ ఇమిడి ఉండే పెద్ద గుడ్డు. దాన్ని బ్రహ్మాండం అంటారు."

"కోడి గుడ్డా సామీ?"

"బ్రహ్మదేవుని గుడ్డు."

"మరి దాన్ని పొదిగేదెవరు?"

ఐవోరికి కోపమొచ్చె. నేను ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పినా. "నేను రోట్లో నూరిన ఊరిబిండి నాకి నువ్వు అనే మాట ఎంత పెద్దదో తెల్సా? ఊరిబిండిలో సూర్యుడు, చంద్రుడు, చుక్కలు ఉండాయంటాండావు."

"ఉండాయి మే. ఉప్పే ఒగరవ్వ తక్కువ" అన్యాడు.

ఆ పొద్దు నుంచి నేను ఆ మాట ఎవరెవరు అంటారో చూస్తా వచ్చినా. రోడ్డు పక్కన ముండ్లకంప కొట్టేసి, తెల్ల రాళ్లు పాతి సైట్లు అమ్మేవాడు అంటాడు. ఓట్లకొచ్చినోడు మా సందులో మురికి కాలవ దాటుతా అంటాడు. పెండ్లిలో కూర చాలకపోతే, పెండ్లికూతురు నాయన చెయ్యి పట్టుకోని చుట్టాలు అంటారు. ఇయ్యగలిగినోడు గమ్మున ఇచ్చిపోతాడు. చేతిలో ఏమీ లేనోడు బెమ్మాండం ఇచ్చిపోతాడు. మా ఆయన చేతిలోనూ ఏమీ ఉండేది కాదు, అదీ నిజమే.

మాకు నాలుగెకరాల ఎర్రమట్టి చేను. రెండెకరాల్లో చీనీ చెట్లు, మీ పక్క బత్తాయి అంటారే, అవి పెట్టాలని ఆయనకు పిచ్చి. చీనీకి నీళ్లు కావాల, నీళ్లకు బోరు కావాల. అరచేతిలో టెంకాయ పెట్టుకోని నీళ్ల జాడ చెప్పేవాణ్ని పిలుచుకొచ్చినాడు. టెంకాయ నిలబడినాది. బెమ్మాండం అన్యాడు. బోరు వేస్తే పొగ మాదిరి దుమ్ము లేచె. ఇంకోచోట టెంకాయ నిలబడె, ఇంకోసారి దుమ్ము. మూడోసారి కూడా అంతే. ఊర్లోవాళ్లు ఆయన తల మీద దుమ్ము చూసి, "ఎట్లుండాది బోరు?" అని కావాలనే అడిగేవాళ్లు. ఆయన కావాలనే అదే మాట చెప్పేవాడు. నేను కుండలు పగలగొట్టి పుట్టింటికి పోయి, నాలుగు దినాలుండి మల్లా వచ్చినా.

నాలుగో బోరులో నీళ్లు పడె. మొదట బురద, తర్వాత తెల్లగా. అందరూ ఆయన పక్క చూసినాం, ఇప్పుడంటాడు చూడు అని. ఆయన ఏమీ అనలే. తడిసిన మొగంతో బండ మీద కూర్చోని, గోర్లలో మట్టి తీసుకుంటా ఉండిపోయినాడు. ముప్పై ఏండ్ల కాపరంలో ఆ మాట రావల్సిన చోట రానిది ఆ పొద్దొకటే.

చెట్లు పెట్టిన నాలుగో ఏడు మొదటి కాపు వచ్చె. ఆ ఏడే ఆయన పోయినాడు. పొద్దన్నే చేను కాడ ఎదలో నొప్పి అన్యాడు. ఆటో పిలిపించి నేను పక్కన కూర్చున్యా, అనంతపురం పెద్దాసుపత్రికి. ఆటో తోలే అతనికి మా ఆయన సంగతి తెలుసు. సగం దావలో వెనక్కి తిరిగి, "ఏమన్నా, ఎట్లుండాది నొప్పి?" అన్యాడు. మా ఆయన చెమట కారుతా, "బెమ్మాండంగా ఉండాదప్పా" అన్యాడు. ఆటో అతను నవ్వె. ఇంత మాట్లాడుతాండాడు, ఏమీ కాదులే అని నిదానంగా తోలె, దావలో ఒక బంకు కాడ ఆపి పెట్రోలు కూడా పోయించుకున్యాడు. ఆసుపత్రి గేటు కాడికి పోయేసరికి మా ఆయన చెయ్యి నా చేతిలో చల్లగా ఉండింది. ఆటో అతను మంచోడు, ఇప్పటికీ నన్ను చూస్తే తల వంచుకుంటాడు. తప్పు అతనిది కాదు. ఆ మాటది.

అప్పటినుంచి ఆ మాట నా గడప తొక్కకూడదు. బుక్కరాయసముద్రంలో ఉండే నా కూతురు ఫోన్లో ఒకసారి ఏదో సినిమా బ్రహ్మాండంగా ఉందమ్మా అంటే, ఫోను పెట్టేసినా.

ఇప్పుడు చెప్పేది మొన్న ఎండాకాలం సంగతి.

శివరాత్రి పోయిన వారానికి మా తోట కాడి ట్రాన్స్‌ఫారం కాలిపోయె. డబ్బుమని శబ్దం, నల్ల పొగ. దాని మీద మూడు బోర్లు ఉండాయి. ఒకటి నాది. ఒకటి మోటార్లు రిపేరీ చేసే సాయిబుది. ఊర్లో అందరం ఆయన్ను భాయి అంటాం, ఆయన నన్ను పెద్దక్కా అంటాడు. మూడోది బెంగళూరికి కూలికి పోయినోళ్లది. మా మూడింట్లో ఒకటి సర్పంచిదై ఉంటే, పొద్దు గుంకక ముందే కొత్తది వచ్చుండు. మాది కాబట్టి లైన్‌మన్ వచ్చి, చేయి అడ్డం పెట్టుకోని పైకి చూసి, "కాలిపోయిందక్కా" అన్యాడు.

"అది నాకు కూడా కనపడతాందప్పా. కొత్తది ఎప్పుడు?"

"రాసినాంలే. వస్తాది."

ఉగాది పోయె, రాలే. శ్రీరామనవమి పోయె, రాలే. ట్యాంకరు తోలించినా. దాంతో చెట్లకు నాలుక తడుస్తాది గానీ దప్పిక తీరదు. ఏడేండ్ల చెట్లు, రెండు నూర్ల పైన. ఆకులు దొన్నెల మాదిరి ముడుచుకోని, పిందెలు రాలిపోతాంటే, నేను కింద ఏరుకుంటాంటి, అవి ఏరి ఏం చేస్తానో నాకే తెలీదు. ఒక పొద్దు భాయి వచ్చి గోరుతో ఒక చెట్టు బెరడు గీకి చూసినాడు.

"లోపల ఇంకా పచ్చగుండాది పెద్దక్కా. వారం. శానా అంటే పది దినాలు. ఆ పైన ఇవి చెట్లు కాదు, కట్టెలు."

ఆ వారమే ఊర్లో చాటింపు, జిల్లా నుంచి పెద్దసారు వస్తాండాడు, రైతులతో మాట్లాడతాడని. బడి ముందర షామియానా వేసినారు. గోడలకు సున్నం కొట్టినారు. సారు వచ్చే దావలో గుంతలు పూడ్చి, పోయే దావలో గుంతలు అట్లే ఉండనిచ్చినారు. మైకులో మాట్లాడను ఒక ఆడమనిషి కావాలంట, మొగుడు లేనిదైతే ఇంకా మంచిదంట, చీనీ తోట, డ్రిప్పు పైపులు ఉంటే ఇంకేమీ అడగొద్దంట. ఊరంతా వెదికితే అవన్నీ నా ఒక్కదాని కాడే ఉండాయి.

సర్పంచి నన్ను వదినా అంటాడు. ఇంటికి పిలిపించి, కాఫీ ఇప్పించి, ఒక కాగితం చదివి నాతో పలికించినాడు. బిందు సేద్యం అంట, ఉద్యాన పంటలంట, ఆర్థిక స్వావలంబన అంట. స్వావలంబన కాడికి వచ్చేసరికి నా ఎత్తు పండ్లు అడ్డం పడె. ఏడుసార్లు చెప్పించినాడు. ఎనిమిదోసారి కాగితం మడిచి జోబిలో పెట్టుకున్యాడు.

"అవన్నీ వద్దు వదినా. సారు ఏమడిగినా ఒగటే మాట చెప్పు. బ్రహ్మాండంగా ఉంది సార్. అంతే."

"ఆ మాట నా నోట రాదప్పా."

"ఏం, దాంట్లో ముల్లుండాదా?"

"ఉండాది."

సర్పంచికి అర్థం కాలే. లైన్‌మన్ నన్ను అరుగు చివరకు పిలుచుకుపోయె. "అక్కా, నా మాట విను. సారు పోయిన వారానికి నీ ట్రాన్స్‌ఫారం వస్తాది, నా బిడ్డల మీద ఒట్టు. నువ్వు మైకులో ఏడిస్తే మాత్రం ఆఫీసులో నీ కాగితం అందరికంటే అడుగున పడతాది. తర్వాత నన్నడగొద్దు."

మైకులో నిజం చెప్తే చెట్లు పోతాయి. అబద్ధం చెప్తే చెట్లు బతుకుతాయేమో. ఆ 'ఏమో' కోసం నేను ఒప్పుకున్యా.

ఆ దినం షామియానా కింద పెద్దసారు మంచిగానే కనపడె. చిన్న వయసు, తెల్ల చొక్కా, నవ్వు మొగం. పక్కన ఆఫీసర్లు, ఫోన్లు ఎత్తి పట్టుకున్నోళ్లు. మా ఊరి ఆడోళ్లంతా ముందర వరసలో. నా చేతికి మైకు ఇచ్చినారు.

"ఏమ్మా, తోట ఎలా ఉంది?"

"బెమ్మాండం సార్."

ముందర కూర్చున్న ఆడోళ్లకు నా కత తెలుసు. ఒకామె పక్కామెను మోచేత్తో పొడిచింది.

"కరెంటు సరిగా వస్తోందా?"

"బెమ్మాండం సార్."

"నీళ్లు?"

"బెమ్మాండం" అన్యా మూడోసారి. అనేసరికి నాకేమాయనో. ఆ మాటను అంతకాలం నోట్లోనే తొక్కిపెట్టినా కదా, అది గొంతులో లావైపోయినట్లుంది, ఒకటి బయటికొచ్చేసరికి దాని వెనకాల అన్నీ వచ్చినాయి. నేను తెలివిగా ఏమీ చెప్పలే, అట్ల అనుకోవద్దండి. కోపంతో చెప్పినా.

"కరెంటు ఎంత బాగ వస్తాదంటే సార్, చాలురా సామీ, ఇంక వద్దు అని మేమే పోయి ఈ లైన్‌మన్ కాళ్లు పట్టుకుంటాం. నీళ్లు తాటి మాను ఎత్తు ఎగురుతాయి. పైన పోయే కొంగలు ఆన్నే నీళ్లు పోసుకోని పోతాయి. కాయలు ఒగొగటి పసిబిడ్డ తలకాయంత. మొన్న ఒగటి రాలి పడితే మేక కాలు విరిగె. రసం పిండి పిండి, బిందెలు చాలక బాయిలో పోసినాం. ఈ ఎండలకు ఊరంతా మాడిపోతాంటే మా తోటలో చలి సార్. నేను కంబళి కప్పుకోని పోతా!"

ఆడోళ్లు మొదట కొంగులు నోట్లో పెట్టుకున్యారు. మేక కాలు కాడికి వచ్చేసరికి ఆపుకోలేక పోయినారు. వెనక మొగోళ్లు ఈలలు వేసినారు. సర్పంచికి మాత్రం చప్పట్లు కొట్టక తప్పలే, కొడతాంటే మొగం సున్నం మాదిరి తెల్లబడె. పెద్దసారుకు నా ఎగతాళి తెలిసిపోయింది, ఇంక నా పని అయిపోయింది అనుకున్యా. ఎక్కడ! ఆయనకు ఆనందమాయె. దినాం ఆయన చుట్టూ ఉండేవాళ్లు కూడా ఇట్లనే మాట్లాడతారేమో, పాపం, ఆయనకు తేడా తెలియలే.

"ఇలాంటి తోట చూడకుండా వెళితే ఎలా? భోజనం కాగానే అక్కడికే వెళ్దాం. వీడియో వాళ్లు కూడా రండి" అన్యాడు.

ఆ తర్వాత జరిగింది నేను నా కండ్లతో చూసినా. కరెంటు ఆఫీసరు ఒకరు షామియానా వెనకాల లైన్‌మన్ చొక్కా పట్టుకోని, "ఎక్కడి నుంచి తెస్తావో నాకు తెలీదు" అంటాండాడు. అరగంటలో ట్రాక్టరు మీద ట్రాన్స్‌ఫారం వచ్చె. నలుగురు స్తంభం ఎక్కినారు. భాయి కింద స్టార్టరు విప్పి తుడుస్తా, ఒక చెవి కాడ ఫోను పెట్టుకోని, సర్పంచి ఇంటికి చెప్తాండాడు. "ఇంకా వైర్లు కలపలేదన్నా. సారుకు ఇంకో ముద్ద పెట్టండి. వద్దంటాడా? వద్దంటే మజ్జిగ పోయండి. మజ్జిగ అయిపోయినాదా? అరటిపండు ఇచ్చి తోలు మీరే నిదానంగా వలవండి!"

రెండున్నర నెలలు రానిది, సారు కోడికూర తినే లోపల వచ్చె.

కొత్తగా వచ్చిన దేనికైనా మా పక్క పూజ చేయకుండా చెయ్యి పెట్టం. స్తంభానికి పసుపు కుంకుమ పెట్టి నేను టెంకాయ కొట్టినా. భాయి ఇంట్లో నుంచి నిమ్మకాయ తెచ్చి ఇచ్చినాడు. మోటారు వేస్తే ఒక దగ్గు దగ్గి, తుప్పు నీళ్లు కక్కి, ఆనక తెల్ల నీళ్లు పట్టె. పైపులు ఎలకలు కొరికిన చోటంతా చిన్న చిన్నగా ఎగజిమ్మె. నాకు సారూ వద్దు, ఎవరూ వద్దు. చెట్ల మొదట్లో మట్టి నలుపెక్కుతాంటే చూస్తా నిలబడినా.

పెద్దసారు వచ్చినాడు. నీళ్లలో చెయ్యి పెట్టినాడు, ఫోటో తీసినారు. చెట్టు పక్కన నిలబడినాడు, ఫోటో తీసినారు. కాయలేవీ అంటే, నిన్ననే కోసినాం సార్ అన్యాడు సర్పంచి.

"మరి ఆకులేమిటి ఇలా ముడుచుకున్నాయి?"

"మధ్యాహ్నం కదా సార్. చెట్టు నిద్రపోతాంది."

"ఓహో" అన్యాడు సారు. పోతా పోతా నా పక్క తిరిగి, రెండు చేతులూ జోడించి, "బ్రహ్మాండం అమ్మా" అన్యాడు. దుమ్ము లేపుకుంటా కార్లు పోయె. వాళ్లు వచ్చి పోయేదానికి పావుగంట పట్టలే.

పొద్దు వాలతాంటే అదే ట్రాక్టరు మల్లా వచ్చె. లైన్‌మన్ దిగినాడు, మొగం పక్కకు పెట్టుకోని. ఆయన వెనకాల ఒక ఆడమనిషి దిగె. నా కంటే చిన్నది, బలంగా ఉండాది, చీర ఎగ్గట్టి దోపుకోనుంది.

"ఏమ్మే, నువ్వేనా బెమ్మాండం?" అనె.

ఆమెది పక్కూరు. మూడెకరాలు టమోటా పెట్టిందంట, కాయ పట్టే దశ. మధ్యాహ్నం మోటారు ఆడతాంటే వీళ్లు పోయి, ఆమె మొత్తుకుంటాండగానే ట్రాన్స్‌ఫారం విప్పి ట్రాక్టర్లో వేసుకోని వచ్చినారంట. సారు పోయినాక తిరిగి పెడతామని చెప్పినారంట. యాడి నుంచి తెచ్చినారని నేను ఒక్కసారన్నా అడిగింటినా? అడగలే. నీళ్లు చూసేసరికి కండ్లు మూసుకుపోయె.

"నేను పీకించలేదు తల్లీ" అన్యా.

"నువ్వు పీకించకపోతే ఇది నడుచుకుంటా వచ్చినాదా? కొంగలు నీళ్లు పోసుకుంటాయంట, మేక కాలు విరుగుతాదంట. మా ఊర్లో అందరి ఫోన్లలోకి వచ్చింది నీ మొగం!" అని అరుస్తా తోటలోకి వచ్చింది. వచ్చి, ఒక కొమ్మ వంచి, ఆకు పట్టుకోని చూసె. ఆకు చేతిలోనే పొడి అయిపోయె. రెండో చెట్టు చూసె. మూడో చెట్టు చూసె. ఆమె కూడా చేను చేసేదే కదా, ఎవరూ చెప్పక్కర్లే. అరుపు ఆగిపోయె.

"వీటికేనా పసిబిడ్డ తలకాయంత కాయలు?"

"వీటికే."

ఆమె నవ్వె. నాకూ నవ్వొచ్చె. నవ్వుతా నవ్వుతా ఏడ్చినా, అది వేరే.

లైన్‌మన్ నిచ్చెన వేసి ఎక్కుతాంటే ఆమే ఆపింది. "పసుపు కుంకుమ పెట్టినారు కదప్పా. పూజ చేసిన దినమే దించుతారా? కరెంటుతో పని, కీడు నీకే." లైన్‌మన్ నిచ్చెన మీద నుంచి ఆ కుంకుమ చూసి, గమ్మున దిగినాడు.

మేమిద్దరం గట్టు మీద కూర్చోని లెక్క చూసుకున్యాం. దుడ్ల లెక్క కాదు, నీళ్ల లెక్క. టమోటా ఒక్క దినం ఓర్చుకుంటాది, రెండో దినం ఓర్వదు. చీనీ ఒకసారి కడుపునిండా తాగితే ఇంకో పది దినాలు ఓర్చుకుంటాది. "రేపు మధ్యాహ్నం దాకా నువ్వు పెట్టుకో అక్కా, ఆ పైన నాకు పంపించు" అనె ఆమె. సరే అన్యా. మాట ఇచ్చి, స్తంభం పక్క చూసినా. ఇది పోతే మల్లా నాకెవరిస్తారు? సారు చూసిపోయినాడు, ఫోటోలు పడినాయి, వాళ్ల కాగితాల్లో నాకు ఏ కొరతా లేదు.

ఆమె లైన్‌మన్‌ను పిలిచె. "ఏమన్నా, మేమిద్దరం ఎల్లుండి అనంతపురం పోతాండాం, పెద్దసారు కాడికి."

"ఎందుకమ్మా? నా మీద చెప్పేదానికా?"

"అయ్యో, నీ మీద చెప్తామా? నిన్ను పొగిడేదానికి. రెండున్నర నెలలు కానిపని గంటలో చేసినావు. ఒగ ట్రాన్స్‌ఫారంతో రెండూర్లకు నీళ్లు పెట్టినావు. ఇట్లాంటి లైన్‌మన్ ఏ జిల్లాలోనూ లేడు, శాలువా కప్పండి సార్ అని చెప్తాం. ఈయక్క చెప్తే ఎట్లుంటాదో చూసినావు కదా."

లైన్‌మన్ రెండు చేతులూ ఎత్తి మొక్కె. "అక్కా, మీకు దండం పెడతా, పొగడొద్దు. కావాలంటే తిట్టండి. తిట్టు ఎంతైనా మోస్తా, తిట్లకు మా ఆఫీసులో ఒగ మూల ఉండాది, ఆన్నే పడుంటాయి. పొగిడితే ఎట్ల చేసినావని అడుగుతారు!"

"అయితే ఈయక్కది తొందరగా చూడు. లేదంటే బెమ్మాండంగా పొగుడుతాం."

మరుసటి దినం మధ్యాహ్నం ట్రాన్స్‌ఫారం దించి ఆమెకు పంపించినా. స్తంభం మల్లా బోడి. భాయి అన్యాడు, "తప్పు చేసినావేమో పెద్దక్కా." ఏమో, నాకూ అట్లే అనిపించె. దినాం పొద్దన్నే పోయి చెట్ల మొదట్లో వేలు గుచ్చి చూస్తాంటి. మొదటి నాలుగు దినాలు తడి తగిలె. ఆ పైన వేలికి మట్టి అంటలే. నేను ఒక పొద్దు, ఆమె ఒక పొద్దు లైన్‌మన్‌కు ఫోను చేస్తాంటిమి, తిట్టకుండా, "ఏమన్నా, బాగుండావా? నిన్ను తలుచుకుంటాండాం" అని మాత్రం చెప్పి పెట్టేస్తాంటిమి.

తొమ్మిదో దినం ట్రాన్స్‌ఫారం వచ్చె.

"యాడి నుంచి తెచ్చినావప్పా?" అని అడిగినా ఈసారి.

"స్టోరు నుంచి అక్కా."

"నిజమేనా?"

"స్టోరు నుంచే" అన్యాడు, నన్ను చూడకుండా వైరు చూస్తా. దాని మీద ఒక పక్క ఎవరో పెట్టిన పాత కుంకుమ మరక మాదిరి ఎర్రగా ఉండింది, తుప్పు కూడా కావచ్చు. ఇంకా అడగాలని నోటి దాకా వచ్చె. భాయి స్టార్టరు నొక్కె, నీళ్లు వచ్చె, నేను అడగలే. అది ఒకటి నా మనసులో అట్లే ఉండాది.

పక్కూరి ఆమెకు ఫోను చేసి, ఏమీ మాట్లాడకుండా ఫోను పైపు కాడ పెట్టినా. ఆమె నీళ్ల శబ్దం వినె. ఆనక అడిగె, "అక్కా, నిజం చెప్పు. చెట్లు ఎట్లుండాయి?"

"పదకొండు పోయినాయి. తూర్పు పక్క వరస అంతా. కొట్టేయాల" అన్యా. "మిగతావాటిల్లో కొన్నిటికి కొత్త ఆకుల ఇగురు వచ్చినాది. కొన్నిటి సంగతి వానలు పడినాక గానీ తెలీదు. ఈ ఏడు కాపు లేదు."

"సరే" అనె ఆమె. "కొట్టేసిన చోట చిన్న చెట్లు పెట్టు. గుంతలు తీసేదానికి నేనొస్తా."